మధ్యలో పోయిన అక్షరం

ఆకులక్కకు కోపం వస్తే అరవదు, పాఠం చెబుతుంది. ఆవిడతో వచ్చిన చిక్కే అది. ఎవరైనా కాలేజీ ప్రయోగశాలలో ఆవిడ సీసాలు కదిపితే నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తే పోయేది కదా, నిలబెట్టి అరగంట చెప్పేది. ఆకు మీద ఎండ పడితే లోపల ఏం జరుగుతుంది, పడ్డదాన్ని ఆకు ఎన్ని చేతులు మారుస్తుంది, దారిలో ఎంత తక్కువ పోతుంది అని. పదిహేనేళ్లుగా అదే పని, అదే ధ్యాస. పెళ్లి ఊసెత్తిన చుట్టాలను కూడా ఆకు గురించే చెప్పి సాగనంపింది. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఊళ్లో తుపాకులు లేచాక కూడా ఆవిడ చేసింది పాఠం చెప్పడమే.

మూడో రోజున టెలిఫోన్ భవనం తగలబడింది. ఫోన్లు మూగపోయాయి. నది అవతలి గట్టు నుంచి గుంపులు వ్యాన్లలో వంతెన దాటి వచ్చి కనపడ్డవాళ్లను నరికి పోతున్నాయి. ఇవతల గట్టువాళ్లు ఇసుక బస్తాలు వేసి వంతెన మొదట్లో కాపలా కాస్తున్నారు. గట్టున ఉన్నవాళ్లకు అవతల ఏం వస్తోందో కనపడదు, వంతెన మధ్యలో విల్లులా వంగి ఉంటుంది. కాలేజీ మిట్ట మీద ఉంది కాబట్టి దాని డాబా మీద నుంచి అన్నీ కనపడతాయి. కానీ కనపడింది కిందికి చెప్పేదెలా?

ఆకులక్క దగ్గర అయిదు చేతి వైర్‌లెస్ సెట్లు ఉన్నాయి. అడవిలో ఆకులు ఏరేటప్పుడు ఒకరినొకరు పిలుచుకోవడానికి కొన్నవి. మధ్యలో ఒక మేడ అడ్డం వస్తే చాలు, గురక పెట్టడం తప్ప ఇంకేమీ చేసేవి కావు. అందుకని ఆవిడ గొలుసు కట్టింది. డాబా మీద తను. కాలేజీకీ బజారుకూ మధ్యనున్న నీళ్ల ట్యాంకు మీద టైపు పిన్ని. బజారులో గడియారాల కొట్టు పై అంతస్తులో వాచీల మామయ్య. వంతెన దగ్గర డ్రైవరు బాబాయ్. ఒకరి మాట గొలుసులో అటూ ఇటూ పక్కవాళ్లకే వినపడుతుంది. అయిదో సెట్టు తమ్ముడి దగ్గర ఉంది. వాడు అవతలి గట్టున తిరిగేవాడు కాబట్టి నది మీదుగా నేరుగా అక్కకే వినపడేవాడు.

గొలుసు కట్టిన మొదటి రోజు నలుగురినీ తరగతి గదిలో కూర్చోబెట్టి బల్ల మీద ఆకు బొమ్మ గీసింది.

"ఆకులో పచ్చటి కణికలు వందలకొద్దీ ఉంటాయి. ఎండ ఎవరి మీద పడుతుందో తెలీదు. ఎవరి మీద పడితే వాళ్లు పక్కవాళ్లకి ఇచ్చేస్తారు. వాళ్లు ఇంకొకళ్లకి. అలా చేతులు మారి నడిమధ్య ఒక్కచోటికి చేరుతుంది. అసలు పని జరిగేది అక్కడే, మిగతావాళ్లంతా అందించేవాళ్లే. ఇదెక్కణ్ణించొచ్చింది, ఎందుకొచ్చింది అని ఒక్క కణికా అడగదు. మనమూ అంతే. విన్నది విన్నట్టు చెప్పాలి. ఆలోచించొద్దు. సొంత మాట కలపొద్దు. అవతలివాళ్లు కూడా వింటుంటారు, పేర్లు అసలే పలకొద్దు."

"ఆలోచించకుండా ఉండటమంటే నాకు నల్లేరు మీద నడకే. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను," అన్నాడు డ్రైవరు బాబాయ్. తమ్ముడు పగలబడి నవ్వాడు.

టైపు పిన్ని నవ్వలేదు. ఆకులక్క థీసిస్ మూడుసార్లు టైపు చేసింది ఆవిడే, మూడుసార్లూ చదివింది కూడా ఆవిడే. పరీక్షకులు చదివారో లేదో చెప్పలేం. "మరి మూడో అధ్యాయం మాటేమిటే? మిట్టమధ్యాహ్నం ఎండ మరీ ఎక్కువైతే ఆకు అంతా ముందుకి పంపదన్నావుగా? పంపితే నడిమధ్య కాలిపోతుందని కొంత దారిలోనే వేడిగా వదిలేస్తుందన్నావు."

"అదంతా ఇప్పుడెందుకు పిన్నీ," అంది ఆకులక్క.

మొదట్లో ఒక జాగ్రత్త ఉండేది. పైనుంచి ఒక మాట కిందికి పోతే, ఆ మాటే కింది నుంచి పైకి తిరిగి రావాలి. సరిగ్గా వచ్చిందని మళ్లీ పైనుంచి 'సరే' పోవాలి. అంటే ప్రతి మాటా అదే దారిని మూడుసార్లు నడవాలి. అయిదో రోజున, కడుపులో కత్తి దిగిన ఒక మూటలు మోసేవాణ్ణి ఆసుపత్రి ఏ గేటుకు తేవాలని వంతెన నుంచి అడిగారు. జవాబు పోయి, తిరిగి వచ్చి, 'సరే' అందేసరికి ఆ మనిషి ఇసుక బస్తాల మీదే పోయాడు. ఆ సాయంత్రం ఆకులక్క లెక్క వేసింది. గొలుసు గంటకు పది మాటలు మోస్తోంది. తిరుగు దారి తీసేస్తే ముప్ఫై మోస్తుంది. తీసేసింది.

"అమ్మాయ్," అన్నాడు వాచీల మామయ్య, "నేను వాచీ బిగించాక ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుని వినకుండా ఎవరి చేతికీ ఇవ్వను."

"మీరు వినే లోపల అవతల మనిషి పోతాడు మామయ్యా. తిరిగి అడగొద్దు. ఎవరూ అడగొద్దు. విన్నది పంపెయ్యండి, అంతే."

ఆయన తల ఊపాడు. ఊళ్లో అంతటి చెవి ఇంకొకరికి లేదని పేరున్న మనిషి. గోడ గడియారం ఎన్ని సెకన్లు వెనకబడిందో పక్క గదిలో నుంచి విని చెప్పేవాడు. అలాంటివాడు ఊరుకున్నాడంటే ఆకులక్క మీద నమ్మకం అటువంటిది. నిజం చెప్పాలంటే ఆ మార్పు వల్ల బతికినవాళ్లు ఉన్నారు. తర్వాతి అయిదు రోజుల్లో ఒక్క మాట కూడా తప్పు పోలేదు. అందుకే ఆవిడకు తన లెక్క మీద అంత గర్వం.

పదకొండో రోజు పొద్దున తొమ్మిదింటికి నల్ల వ్యాన్ ఒకటి అవతలి వైపు వంతెన ఎక్కడం ఆవిడ దుర్భిణిలో చూసింది. కిటికీల్లో నుంచి తుపాకులు బయటికి చూస్తున్నాయి. "నల్ల వ్యాన్, వంతెన మీదికి వస్తోంది, కాల్చండి," అంది. మాట కిందికి పోవడానికి గుక్క తిప్పుకునేంత సేపు కూడా పట్టలేదు. వ్యాన్ వంపు దాటి కిందికి దిగీదిగగానే కాపలావాళ్లు చీల్చేశారు. పెట్రోలు ట్యాంకు అంటుకుంది. ముగ్గురు మంటలతోనే బయటికి దూకారు. ఒకడు రెయిలింగు పట్టుకుని నిలబడే కాలిపోయాడు, వాడి చేతులు ఇనుముకు అంటుకుపోయి శరీరం కింద పడలేదు. ఆకులక్కకు సంతోషం వేసింది. దాచడమెందుకు, కడుపు నిండినట్టు అనిపించింది. ముందు రోజు అలాంటి వ్యానే బజారులో ఏం చేసిపోయిందో ఆవిడ చూసింది.

కానీ ఆ రోజు ఆవిడకు కావలసింది ఒక్కటే. తమ్ముడు వంతెన దాటి ఇవతలికి రావాలి.

వాడు తెల్లవారుజామునే కాలేజీ బండి తీసుకుని అవతలికి పోయాడు. అక్కడ పిండి మిల్లులో ఎనిమిది మంది గాయపడి పడి ఉన్నారని తెలిసింది. ఆసుపత్రి ఉన్నది ఇవతల. వాడు కరెంటు పనివాడు. ఎక్కడ వైరు తెగినా, ఎక్కడ మనిషి తెగినా పిలవకముందే పోయే రకం. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్లు, ఆవిడకు పద్దెనిమిది. వాడికి స్నానం చేయించింది, తినిపించింది, లెక్కలు రాకపోతే వీపు మీద వేసింది. ఆవిడ ఆకు పాఠం పూర్తిగా వినేది లోకంలో వాడొక్కడే, అదీ మధ్యలో నిద్రపోయేవాడు. పోవద్దని చెప్పింది. "నీ గొలుసు ఉందిగా అక్కా, నాకేం భయం?" అని పోయాడు.

పన్నెండు దాటాక సెట్టు పలికింది.

"అక్కా. మన బండి టైర్లు పేల్చేశారు. మిల్లువాళ్ల తెల్ల వ్యాన్ తీసుకున్నా. ఎడమ దీపం పగిలింది, చూసుకో. ఎనిమిది మందీ ఉన్నారు. ఒకావిడకి రక్తం ఆగట్లేదు. వచ్చేస్తున్నా, కిందికి చెప్పు."

"వంతెన ఎక్కే ముందు ఆగు. నేను చెప్పాక ఎక్కు."

"ఆగితే వెనకవాళ్లు పట్టుకుంటారే. వెంటపడ్డారు. ఎక్కేస్తున్నా."

దుర్భిణిలో వ్యాన్ కనపడింది. వెనక రెండు మోటారు సైకిళ్లు. ఆవిడ పిన్నికి మీట నొక్కింది. "తెల్ల వ్యాన్, ఎడమ దీపం పగిలింది, వంతెన మీదికి వస్తోంది, కాల్చకండి."

"తెల్ల వ్యాన్, ఎడమ దీపం పగిలింది, వంతెన మీదికి వస్తోంది, కాల్చకండి," అని ట్యాంకు మీద పిన్ని తిరగ చెప్పడం ఆవిడకు వినపడింది. సరిగ్గా అదే క్షణాన బజారులో గుండు పడింది. నేల అదిరింది. గడియారాల కొట్టు వైపు నుంచి ఎర్ర దుమ్ము లేచింది. మామయ్యకు ఏమైందోనని ఒక్క క్షణం అటు చూసింది. వెంటనే కళ్లు వంతెన మీదికి పోయాయి.

మోటారు సైకిళ్లు వంపు దగ్గరే వెనక్కి తిరిగాయి, వ్యాన్ వంపు దాటింది. డ్రైవరు బాబాయ్ మనుషులు బస్తాల వెనక లేచి నిలబడ్డారు. దారి ఇవ్వడానికి లేచారనుకుంది.

మొదటి వరస తూటాలకే ముందు అద్దం ఊడిపోయింది. వ్యాన్ పక్కకు తిరిగి, రెయిలింగును గీసుకుంటూ పోయి, పొద్దున కాలిన వ్యాన్ అస్థిపంజరానికి గుద్దుకుని ఆగింది. తలుపు తెరుచుకుంది. తమ్ముడు దిగాడు. ఒక చెయ్యి పైకెత్తాడు. రెండో చెయ్యి లేవలేదు, భుజం దగ్గర వేలాడుతోంది. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. డాబా మీదికి ఆ అరుపు వినపడదు, వంతెన మీదివాళ్లకు తుపాకుల మోతలో వినపడలేదు. రెండో వరస వాడి ఛాతీకి తగిలింది. వాడు కూర్చున్నట్టుగా కూలబడి, వ్యాన్ చక్రానికి ఆనుకుని, అలాగే ఉండిపోయాడు. వాళ్లు ఇంకా కాలుస్తూనే ఉన్నారు. వ్యాన్ ఒళ్లంతా చిల్లులు పడ్డాయి. వెనక తలుపు కింద నుంచి రక్తం కారి తారు మీద పారింది.

తర్వాత డ్రైవరు బాబాయ్ పోయి ఆ తలుపు తెరిచాడు. లోపల ఎవరున్నారో చూశాడు. తుపాకీ వదిలేసి రెండు చేతులతో తల బాదుకోవడం ఆకులక్కకు దుర్భిణిలో స్పష్టంగా కనపడింది.

మెట్ల వైపు పరుగెత్తింది. మూడో మెట్టు మీదే పడింది. పెదవి చిట్లింది. చేతులతో పాక్కుంటూ మళ్లీ డాబా మీదికే వచ్చింది, ఎందుకో తెలియకుండానే. ఎంతసేపు గడిచిందో తెలియదు. సెట్టు పలికింది. పిన్ని గొంతు. కానీ మాటలు పిన్నివి కావు. విన్నది విన్నట్టు చెబుతోంది.

"నేను బాబాయ్‌ని. గడియారాల కొట్టులో ఉన్నాను. ఇది వాచీలవాడి సెట్టు. కాల్చండి అనే చెప్పాడు వీడు నాకు. ముగ్గురం విన్నాం. వీణ్ణి మెట్ల మీద నుంచి ఈడ్చుకొచ్చాను. తుపాకీ మడమతో చెవి మీద కొట్టాను. పళ్లు రాలాయి. నా చేత నా బిడ్డలాంటివాణ్ణి చంపించాడు. ఇక్కడ ఇరవై మంది ఉన్నారు, ముక్కలు చేస్తామంటున్నారు. తమ్ముడు నీవాడు. ఏం చెయ్యమంటావో నువ్వు చెప్పు."

అరవై దాటిన ఆ సన్నటి గొంతులో ఆ మాటలు వినడం ఒక నరకం. అయినా ఆకులక్కకు అప్పుడు అది తట్టలేదు. కళ్ల ముందు ఒక్కటే ఉంది, లేవని చెయ్యి. క. ఒక్క క. అంత గొప్ప చెవి పెట్టుకుని ఒక్క అక్షరం మింగాడు. వాడి నోట్లో నుంచి ఆ అక్షరం పీకి తీసుకోవాలనిపించింది. తన చేతులతో గొంతు నులమాలనిపించింది. మామయ్య అని పిలిచిన మనిషిని 'వాడు' అనుకుంటున్నానని కూడా ఆవిడ గమనించలేదు.

మీట నొక్కింది.

"వదలకండి."

అంతే అంది. మీట వదిలేసి, పిట్టగోడకు నుదురు ఆనించింది. పిన్ని తిరగ చెప్పే మాట కోసం చెవి పెట్టుకుంది. కసిగా పెట్టుకుంది.

సెట్టు గరగరలాడింది. తర్వాత పిన్ని గొంతు, తాపీగా, అక్షరం అక్షరం విడదీసి:

"వదలండి."

ఆకులక్క తల ఎత్తింది.

"బాబాయ్ నమ్మట్లేదే," అంది పిన్ని, ఈసారి తన మాటగానే. "ఇవాళ ఒకసారి మోసపోయాను, ఈసారి తిరుగు మాట కావాలంటున్నాడు. అందుకని అడుగుతున్నా. వదలండి అని పంపాను. అవునా?"

"నేనలా అనలేదు."

"నువ్వేమన్నావో నాకు వినపడింది. నా చెవులు బాగానే ఉన్నాయి."

"మరెందుకు మార్చావు? విన్నది విన్నట్టు చెప్పాలి పిన్నీ! అదేగా..."



"మామయ్య ఒక మాట చెప్పమన్నాడు," అంది పిన్ని. "బాబాయ్ చేతిలో సెట్టు ఉండగా వెనక నుంచి అరిచాడు, నోట్లో రక్తంతో. గుండు పడ్డప్పుడు మధ్యలో ఏదో పోయిందని అనిపించిందిట. కాల్చ, తర్వాత మోత, తర్వాత అండి. తిరిగి అడుగుదామని మీట మీద వేలు పెట్టాడట. అడగొద్దని అమ్మాయి చెప్పింది కదా, అడిగితే ఆలస్యమై మనిషి పోతాడని చెప్పింది కదా అనుకుని, వినపడిందే పంపేశాడట. ఆయన పంపింది గుండు హోరులో నాకూ వినపడలేదు. అమ్మాయికి నా మీద కోపం వద్దని చెప్పమన్నాడు."

ఎండ నడినెత్తిన ఉంది. పిట్టగోడ మీద పెట్టిన చెయ్యి కాలుతోంది. ఆవిడ తీయలేదు.

తిరుగు దారి ఉండి ఉంటే 'కాల్చండి' అన్న మాట వెనక్కి వచ్చేది. అది వినగానే తను 'కాదు, కాదు' అని అరిచేది. తమ్ముడు వ్యాన్‌లో నుంచి దిగుతూ, గాయపడ్డవాళ్లను దించండ్రా అని వాళ్లను కసిరేవాడు. పోనీ, కాల్చకండి అనే బదులు 'మనవాళ్లు, రానివ్వండి' అని ఉన్నా సరిపోయేది. గంటకు ముప్ఫై మాటలు. గర్వపడిన లెక్క. తప్పు బజారులో గుండు దగ్గర మొదలుకాలేదు, ఈ డాబా మీద మొదలైంది. అది ఆవిడకు ఇప్పుడు తెలియడం కాదు, వ్యాన్ అద్దం పగిలినప్పుడే తెలుసు. తెలుసు కాబట్టే ఇంకొకడు చావాలి అనుకుంది. వాడు చస్తే తప్పు వాడితోపాటే పోతుందనుకుంది.

"మూడో అధ్యాయం నేనే టైపు చేశానే," అంది పిన్ని. "అంత ఎండ ముందుకి పంపకూడదు. నా దగ్గరే ఆపాను. కానీ దొంగ మాట మీద మనిషిని బతికిస్తే రేపు మళ్లీ నరుకుతారు. నీ నోటితో రావాలి. తొందరగా చెప్పు, కొడుతున్నారు. ఆయన అరుపు కూడా ఆగిపోయింది."

ఆకులక్క వంతెన వైపు చూసింది. దుర్భిణి అక్కర్లేదు. చక్రానికి ఆనుకుని కూర్చున్న ఆకారం అంత దూరం నుంచీ తెలుస్తోంది. తల కొద్దిగా పక్కకు వాలి ఉంది. పాఠం మధ్యలో నిద్రపోయినప్పుడు అలాగే వాలేది.

ఏడుపు వచ్చింది. పెదవి మీది రక్తం, కన్నీళ్లు కలిసి నోట్లోకి పోయాయి. మీట నొక్కడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

"పిన్నీ. ఇది పంపు. తప్పు మామయ్యది కాదు, నాది. అడగొద్దన్నది నేను. ఆయన్ని వదలండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి."

"పంపుతున్నా."

"ఆగు. ఏం విన్నావో ముందు నాకు చెప్పు."

"తప్పు మామయ్యది కాదు, నాది. అడగొద్దన్నది నేను. ఆయన్ని వదలండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి."

"చివర్న 'వదలండి'యేగా? మధ్యలో ఇంకేమీ లేదుగా?"

"ఏమీ లేదు తల్లీ. వదలండి."

"సరే," అంది ఆకులక్క.

మాట కిందికి పోయింది. బజారు నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి డాబాకు అదే మాట ఒక్క అక్షరం పోకుండా తిరిగి వచ్చింది. రెండో 'సరే' కూడా చెప్పింది. అప్పుడు సెట్టు పిట్టగోడ మీద పెట్టి, తమ్ముణ్ణి తెచ్చుకోవడానికి మెట్లు దిగింది.